అటారీ గేటు దగ్గర పోలమ్మ బేరం

పలాస

అటారీ వెళ్ళొచ్చానని చెబితే మా బజారులో ఎవరూ సరిహద్దు ఎలా ఉందని అడగలేదు. "ఎంతయిందేటి?" అని అడిగారు. నేనూ ఆ తాను ముక్కనే గనక తప్పు పట్టను. టెక్కలిలో మా నాన్న కిరాణా కొట్టులో గల్లాపెట్టె పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. పలాస వచ్చి జీడిపప్పు వ్యాపారంలో పడి ఇరవయ్యేళ్ళు దాటింది. దేవుడి దగ్గరికి వెళ్ళినా ముందు కొబ్బరికాయ దగ్గర అర్ధరూపాయి తగ్గించుకుని గానీ గుమ్మం ఎక్కను.

అలాంటి నన్ను బేరంలో ఓడించే మనిషి ఒకతే ఉంది. పేరు పోలమ్మ. వజ్రపుకొత్తూరు అవతల సముద్రం ఒడ్డున చిన్న పల్లె వాళ్ళది. వారంలో నాలుగు రోజులు మా దగ్గర జీడిపిక్కలు కొడుతుంది. మిగతా రోజుల్లో ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని మా వీధికి వస్తుంది. ఆవిడ పద్ధతి ఒకటే. ధర ఒక్కసారి చెబుతుంది. నేను అందులో సగం అంటాను. ఆవిడ తట్ట ఎత్తుకుని నడుస్తుంది. వెనక్కి తిరిగి చూడదు. నేను అడుగులు లెక్కపెడుతూ బిగబట్టుకుని నిలబడతాను. ఏడో అడుగు పడేసరికి నా నోరు నా మాట వినడం మానేసి, "ఇలా రా, పోలమ్మా" అంటుంది. ఇన్నేళ్ళలో ఎనిమిదో అడుగు నేను చూడలేదు.

ఆవిడ భర్త ఎర్రయ్య. మన తీరంలో వలకి చేప తక్కువై, మా వైపు మనుషులు గుజరాత్ బోట్ల మీద కూలికి వెళ్ళడం అప్పటికే అలవాటైంది. వానాకాలంలో వెళ్ళి ఎండాకాలంలో వస్తారు. ఎర్రయ్య వెళ్ళిన మొదటి ఏడే అతని బోటు గీత దాటి పాకిస్తాన్ నీళ్ళలోకి పోయింది. బోటులో ఉన్న ఆరుగురినీ కరాచీ జైల్లో పెట్టారు. పల్లెలో ఫోను లేదు. ఎర్రయ్యకు కంఠస్థంగా వచ్చిన నంబరు మా కొట్టుదొక్కటే. అందుకని బోటు యజమాని గుమస్తా చేసే ఫోన్లూ, జైలు నుంచి వచ్చిన ఒకే ఒక్క ఉత్తరమూ నా దగ్గరికే వచ్చాయి. ఉత్తరం ఎవరో తోటి ఖైదీ చేత హిందీలో రాయించాడు. నేనే చదివి చెప్పాను. "ఆరోగ్యం బాగుంది. రొట్టెలు పెడుతున్నారు. ఎలా దొరికామన్నది వచ్చాక చెబుతాను."

ఆ చివరి వాక్యం మీద పల్లెలో ఏడాది పాటు చర్చ నడిచింది. తుపాకులతో గీత దాటొచ్చి పట్టుకుపోయారని కొందరు, తుపానులో కొట్టుకుపోయారని కొందరు. పోలమ్మ మాత్రం, "సెప్పడానికి సిగ్గుపడే పనేదో సేసినాడు" అనేది.

అవి రెండు దేశాలూ మళ్ళీ మాట్లాడుకోవడం మొదలుపెట్టిన రోజులు. పార్లమెంటు మీద దాడి తర్వాత ఆగిపోయిన బస్సూ రైలూ మళ్ళీ నడుస్తున్నాయి. జాలర్లను వదులుతారని రెండుసార్లు కబురొచ్చింది, రెండుసార్లూ ఆగిపోయింది. ఒకసారి ఎవరో నాయకుడు ఏదో అన్నాడట. ఇంకోసారి ఎక్కడో బాంబు పేలిందట. మూడోసారి ఫిబ్రవరిలో గుమస్తా ఫోను చేసి, ఈసారి పేరు జాబితాలో ఉందని, అటారీ దగ్గర అప్పగిస్తారని, మీరెవరూ రానక్కర్లేదు, మా మనిషి వచ్చి అందరినీ తిన్నగా గుజరాత్ తీసుకెళతాడు, బోటు సిద్ధంగా ఉందని చెప్పాడు.

పోలమ్మ చివరి మాట మాత్రమే విన్నది.

"బోటు సిద్దంగా ఉన్నాదా? ఆల సేతిలో పడితే మల్లీ సముద్రంలోకి తోలీస్తారు, బావూ. ఈపాలి పోతే మనిసి దొరకడు. గేటు కాడే నాను పట్టుకుంతాను."

"పంజాబు ఎక్కడుందో తెలుసా నీకు?"

"నీకు తెలుసు కదేటి. నువ్వు రా."

ఆలోచించాను. అమృతసర్‌లో ఎండుపళ్ళ బజారు పెద్దదని విన్నాను. పది కిలోలు విరగని పెద్ద గుండు పప్పు పట్టుకెళితే దారిఖర్చులు గిట్టుబాటవుతాయి. నా దయాగుణం ఎప్పుడూ గిట్టుబాటు పక్కనుంచే బయల్దేరుతుంది. పిల్లలిద్దరినీ తన తల్లి దగ్గర వదిలి, ఒక మూటతో స్టేషనుకు వచ్చింది పోలమ్మ. మూటలో ఏముందో నేను అడగలేదు. అడగవలసింది.

బండిలో

విశాఖపట్నంలో ఢిల్లీ బండి ఎక్కి రాయగడ దాటేసరికి పెట్టెలో సగంమంది ముక్కులు మూసుకున్నారు. మూటలో రెండు కిలోల ఎండు నెత్తళ్ళు ఉన్నాయి. ఎదురు సీటాయన నా వంక చూసి, "ఎలుక చచ్చింది" అన్నాడు హిందీలో. నేను జీడిపప్పు మూట ఒళ్ళో పెట్టుకుని ఆ పక్క మనిషిని ఎరగనట్టు కిటికీలోకి చూశాను.

"నీ పప్పుకి వాసన నేదు కాబట్టి నువ్వు పెద్దమడిసివి," అంది పోలమ్మ పెద్దగా. "పద్నాలుగు నెల్లు రొట్టెలు తిన్నోడికి ఏటి ఎడతావు? నీ పప్పా?"

ఆఖరికి నా పప్పే పెట్టవలసి వచ్చింది, ఎర్రయ్యకి కాదు, పెట్టెలో వాళ్ళందరికీ. తలా గుప్పెడు పంచాక వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ లెక్కన పావుకిలో పైన ఒడిశాలోనే ఖర్చయింది. నాగపూర్‌లో కమలాలు డజను పదిహేను రూపాయలన్నాడు. పన్నెండుకి తెచ్చి గెలిచాననుకున్నాను. ఒలిస్తే నాలుగు ఎండిపోయాయి.

ఢిల్లీలో బండి మారాం. అమృతసర్ వెళ్ళే బండిలో మా పక్కన ఒక ముసలావిడ కూర్చుంది. నల్ల బురఖా, చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో మరో సంచీ, దానిలో పాస్‌పోర్టు. లాహోరులో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి వెళుతోంది. పెట్టెలో ఆ మూట వాసనకి మొహం తిప్పని మనిషి ఆవిడొక్కతే.

"మధ్యలో రైలు ఆపేశారు చూడు, అప్పుడే మా మరిది పోయాడు," అంది నాతో. "చెల్లెలు ఫోనులో ఏడ్చింది, నేను ఇక్కడ ఏడ్చాను. అమృతసర్ నుంచి లాహోరు గంట దూరం. నాకు రెండున్నరేళ్ళు పట్టింది. వీసా కూడా ఒక్క ఊరికే. దిగగానే పోలీసు స్టేషన్లో పేరు రాయించుకోవాలి. మా అన్న కొడుకు పక్క ఊళ్ళో ఉంటాడు. వాడే నా దగ్గరికి రావాలి గానీ నేను వాడి ఇంటికి వెళ్ళకూడదు."

ఇది పోలమ్మకు చెప్పాను. "మందస సంతకి ఎల్లాలంటే టేసన్లో సెప్పాలన్న మాట. మరి సంతేటి సేత్తారు?" అంది. తర్వాత ఆవిడ ఇచ్చిన పరోటా, మామిడికాయ పచ్చడి తిని, పచ్చడిలో కారం లేదని నాతో చెప్పి, ఆవిడతో మాత్రం తల ఊపి నవ్వింది. ఇద్దరూ అమృతసర్ దాకా ఒకరి భాష ఒకరికి రాకుండానే కబుర్లు చెప్పుకున్నారు. మధ్యలో నా అవసరం ఎవరికీ కలగలేదు.

అమృతసర్

దిగేసరికి చలి కోసేస్తోంది. మాకు చలంటే ఒక దుప్పటి. ఇక్కడ ఒంటి మీద నాలుగు పొరలు. పోలమ్మ నూలుచీర తప్ప ఏమీ తెచ్చుకోలేదు. స్టేషను బయట శాలువా నూట ఇరవై అన్నాడు. నేను అరవై అన్నాను. పోలమ్మ నడిచింది. ఐదో అడుగుకే వాడు అరవై అయిదుకి ఇచ్చేశాడు. ఆ విద్య పంజాబులో కూడా చెల్లుతుందని అప్పుడు తెలిసింది.

స్వర్ణదేవాలయంలో అందరికీ ఉచితంగా భోజనం పెడతారు. నేల మీద వరసగా కూర్చుంటే పప్పు, రొట్టె, పాయసం. డబ్బు తీసుకునేవాడు ఎక్కడా కనిపించలేదు. ధర లేని చోట నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. రెండోసారి రొట్టె వడ్డించబోతే, "ఎంత?" అని అడిగేశాను. వడ్డించే ఆయన నవ్వి రెండు చేతులూ చాపి పట్టుకోమన్నాడు. ఇంట్లో మనం విస్తరిలో వేయించుకుంటాం. అక్కడ రొట్టె దోసిట్లోకి తీసుకోవాలి. తిన్నాక పోలమ్మ వెళ్ళి వెల్లుల్లి ఒలిచే ఆడవాళ్ళలో కూర్చుంది. పక్కామె ఈవిడ చేతివేళ్ళు పట్టుకుని చూసింది. పిక్కల్లోంచి జీడి కారి నల్లగా కాలిన వేళ్ళు. "నిప్పా?" అని సైగ చేసింది. పోలమ్మ నన్ను చూపించి, "ఈ బావు" అంది. అక్కడున్న ఆడవాళ్ళంతా నన్ను ఎలా చూశారో ఇక్కడ రాయను.

మర్నాడు ఎండుపళ్ళ బజారులో ఒక పెద్దాయన కొట్టుకు వెళ్ళాను. తెల్లగడ్డం, నీలం తలపాగా. నా పప్పు అరచేతిలో వేసుకుని, ఒకటి విరిచి, వాసన చూసి, పాలు ఎక్కువగా పోసిన టీ తెప్పించాడు. కిలో రెండు వందల అరవై అన్నాను. ఆయన ఏ ఊరు, ఎందుకొచ్చావు అని అడిగాడు. చెప్పకూడదని తెలుసు. చెప్పేశాను. అంతా విని, "అయితే ఇవాళ గేటు దగ్గర ఉండాలి నువ్వు. రెండు వందల పది," అన్నాడు. తొందర ఉన్నవాడి సరుకు ఎప్పుడూ చవకే. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. ఆయన నా మీద ప్రయోగించాడు. ఇచ్చేశాను.

డబ్బు చేతిలో పెట్టి, "కొసరు కావాలా?" అన్నాడు. పక్కనున్న ఎండుఖర్జూరం బస్తా చూపించాడు. "ఇది అవతలి నుంచి వస్తుంది. మాకు పేపరు అక్కర్లేదు. గేటు మూస్తారనుకుంటే పొద్దున్నే దీని ధర ఎక్కుతుంది. తీస్తారనుకుంటే దిగుతుంది. నిన్న సాయంత్రం ఎక్కింది. ఇవాళ గేటు దగ్గర ఏమీ జరగదు. వెళ్ళు, చూసి రా. రేపు పొద్దున మళ్ళీ ఇక్కడికి వచ్చి ధర అడుగు."

అటారీ, మొదటి రోజు

ఆయన మాట నమ్మక అదే రోజు బయల్దేరాం. ఆటో మూడు వందలన్నాడు. నూట ఎనభైకి దింపాను. వాడు మంచివాడు, ఏమీ అనకుండా తీసుకెళ్ళి గేటుకి ఇంకా మూడు కిలోమీటర్లుందనగా దించేశాడు. "నూట ఎనభై ఇక్కడికి," అన్నాడు. గోధుమ చేల మధ్య ఆ మూడు కిలోమీటర్లూ పోలమ్మ నా బేరం గురించి మాట్లాడుతూనే ఉంది.

సరిహద్దంటే నేను కొండలూ ముళ్ళకంపా ఊహించుకున్నాను. నేల మీద ఒక తెల్ల గీత. అటు ఒక గేటు, ఇటు ఒక గేటు. బస్తాలు మోసుకొచ్చిన అవతలి కూలీ గీత దగ్గర నిలబడితే ఇవతలి కూలీ తన తల ఆనించి బస్తా ఎత్తుకుంటాడు. బస్తా దాటుతుంది, తలలు దాటవు. ఆ రోజు ఆ బస్తాలు కూడా పల్చగా వచ్చాయి. మధ్యాహ్నానికి ఒక అధికారి బయటికి వచ్చి, జాలర్ల అప్పగింత ఇవాళ లేదన్నాడు. ఎందుకని అడిగితే, "పైనుంచి" అన్నాడు. రేపా? "పైనుంచి."

నా జీవితంలో ధర చెప్పని కొట్టువాడు ఆయనొక్కడే. బేరమంటే ఇద్దరిలో ఎవరైనా లేచి వెళ్ళిపోగలగాలి. ఇక్కడ మేం వెళ్ళలేం, ఆయన ధర చెప్పడు. నాకొచ్చిన ఒక్క విద్యా అక్కడ ఎందుకూ కొరగాలేదు.

పోలమ్మ గోడవారన మూట మీద కూర్చుని, "మూడోపాలి ఆపీసినారు," అంది.

అటారీ, రెండో రోజు

పొద్దున్నే బజారుకు పరిగెత్తాను. పెద్దాయన అప్పుడే కొట్టు తెరుస్తున్నాడు. నన్ను చూసి నవ్వి వేలు కిందికి చూపించాడు. ఖర్జూరం దిగింది. ఈసారి ఆటోవాడికి మూడు వందలూ ఇచ్చాను. పోలమ్మ నా నుదురు తాకి చూసింది, జ్వరమేమోనని.

గేటు దగ్గర బస్తాల వరస నిన్నటికి మూడింతలు ఉంది. కస్టమ్స్ వైపు వెళ్ళే వరసలో మా బురఖా ముసలావిడ కనిపించింది. దూరం నుంచే పాస్‌పోర్టు ఎత్తి ఊపింది. పోలమ్మ మూట ఎత్తి ఊపింది.

మధ్యాహ్నం దాటాక అవతలి గేటులోంచి మనుషులు రావడం మొదలైంది. అందరికీ ఒకేరకం కొత్త బట్టలు, చేతిలో ఒక్కో గుడ్డసంచీ. గీత దాటగానే ఒకడు వంగి నేల ముట్టుకున్నాడు. ఎర్రయ్య పదో పదకొండో వాడు. ముందు నేను పోల్చుకోలేదు. గడ్డం, సగం అయిపోయిన మనిషి. పోలమ్మ కన్నీళ్ళు పెట్టలేదు. చేపని చూసినట్టు తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

అధికారి నన్ను ఆపాడు. ఆమె భార్య అనడానికి ఆధారం చూపించమన్నాడు. రేషను కార్డు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, "ఇదేం భాష?" అన్నాడు. తెలుగు, చదివి వినిపిస్తానన్నాను. "నువ్వు చదివేది అందులో ఉన్నదేనని నాకెలా తెలుస్తుంది?" న్యాయమైన ప్రశ్నే. ఈలోగా నా వెనక మొదలైంది.

"సిక్కిపోనావు. ఆల్లు తిండెట్టలేదా?"

"ఎట్టినారు. నువ్వేటి ఇంతదూరం వచ్చీసినావు? గుంటలెవులు కాడున్నారు?"

"మాయమ్మ కాడ. అది కాదు. గీత ఎలగ దాటినావు, ముందది సెప్పు."

"ఇంటికెల్లి సెప్తాను."

"ఇక్కడే సెప్పు."

ఎర్రయ్య నన్ను చూశాడు, అధికారిని చూశాడు, బూట్లు చూసుకున్నాడు. "బోటు నడిపేవోడికి జరమొచ్చినాది. సుక్కాని నాకిచ్చి తొంగున్నాడు. రెండ్రోజులు మంచు, ఏటీ అగుపడనేదు. మూడోనాడు సాయంత్రం మంచు ఇడిపోయి పొద్దు అగుపడ్డాది. ములిగిపోతన్నాది. నాను బోటు అటు తిప్పీసినాను."

"పొద్దు ములిగేవైపా?"

"మనకి అటే కదే ఇల్లు!"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. మన సముద్రంలో సూర్యుడు నీళ్ళలోంచి లేచి మన కొబ్బరితోటల వెనక అస్తమిస్తాడు. దారి తప్పిన పడవ పొద్దు వాలే వైపు పోతే ఎక్కడో ఒకచోట మన ఉద్దానం ఒడ్డు తగులుతుంది. వాళ్ళ తాతల నుంచి ఉన్న తెలివి అది. గుజరాత్‌లో సూర్యుడు సముద్రంలోనే మునుగుతాడు. ఇంటికనుకుని ఎర్రయ్య నడిసముద్రంలోకి పోనిచ్చాడు. డీజిలు అయిపోయింది. ఆపైన నీరు ఎటు తోలితే అటు.

"నీ తెలివి మండిపోనూ!" పోలమ్మ గొంతు రెండు గేట్లూ దాటింది. "పల్లెలో అందరూ తుపాకులూ యుద్దాలూ అని కతలు సెప్పుకుంతన్నారు! ఇందుకా కరాచీలో కూకున్నావు?"

"అందుకే ఉత్తరంలో రాయించనేదు. ఆ మూటేటి, నెత్తళ్ళేనా? ఉప్పు సాలనేదు. వాసనే సెప్తన్నాది."

"సూడు బావూ! ఇన్నాల్టికి నా మొకం సూసి ఉప్పు గురించి మాటాడతన్నాడు!"

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఏమంటున్నారని నన్నడిగితే చెప్పాను. రేషను కార్డు మడిచి నా జేబులో పెట్టి, "ఇంకే కాగితమూ అక్కర్లేదు. భార్యాభర్తలే," అన్నాడు.

అప్పుడొచ్చాడు బోటు యజమాని మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. ఇంకా మూడు నెలలు వేట ఉంది, కూలి పెంచుతాం, బస్సు అదిగో అన్నాడు. ఎక్కడికి వెళ్ళాలో ఎర్రయ్యే చెప్పాలన్నాడు అధికారి.

ఎర్రయ్య పోలమ్మతో నెమ్మదిగా అన్నాడు. "అక్కడ సేప ఉన్నాది. మన కాడేటున్నాది?"

"ఇంటికి రా," అంది పోలమ్మ.

"మే నెలకి వచ్చీస్తాను."

నేను నోరు తెరిచాను. ఏదో ఒకటి కలపాలి, మా దగ్గర పని ఇస్తానో, ఏదో. నా మాట బయటికి రాకముందే పోలమ్మ మూట నెత్తిన పెట్టుకుంది. నడిచింది. వెనక్కి చూడలేదు.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. అయిదు. ఆరు. ఏడు. ఎర్రయ్య కదల్లేదు. ఎనిమిది. నేను ఎన్నడూ చూడని అడుగు అది. ఇంతదూరం వచ్చి ఈ మనిషి ఉత్త మూటతో తిరిగి వెళుతుందా? పన్నెండు. శాలువా జారితే సర్దుకుంది, ఆగలేదు. పదహారు. పదిహేడు.

"ఓలె, ఉండెహె! వత్తన్నాను!"

ఎర్రయ్య పరిగెత్తాడు. అధికారి కాగితం ఊపుతూ సంతకం పెట్టి వెళ్ళమని వెనక అరిచాడు. పోలమ్మ మాత్రం అప్పుడు ఆగింది. తిరగలేదు. అటు తిరిగే ఉండి కొంగుతో మొహం తుడుచుకుంది.

ఉద్దానం

తిరుగుబండిలో నెత్తళ్ళు ఎర్రయ్య ఉత్తవే నమిలేశాడు. పెట్టెలో వాళ్ళకి పంచడానికి ఈసారి నా దగ్గర పప్పు లేదు. ముగ్గురమూ తిట్లు పంచుకున్నాం. పలాసలో దిగేసరికి జీడిమామిళ్ళు పూతకొచ్చి ఊరంతా తియ్యటి వాసన. స్టేషను బయట ఎర్రయ్య ఒక్క క్షణం నిలబడి అటూ ఇటూ చూశాడు.

"రైలు దిగితే తూరుపు, పడవ దిగితే పడమర," అంది పోలమ్మ. "కలిపీసుకోకు."

ఇప్పుడతను ఇంటి దగ్గరే వల వేస్తున్నాడు. చేప తక్కువే. ఆవిడ జీడిపిక్కలు కొట్టే పని వారానికి ఒక రోజు పెరిగింది. బతుకు పెద్దగా మారలేదు గానీ, రోజూ సాయంత్రం పొద్దు వాలే వైపుకి ఒక పడవ వస్తుంది. వీళ్ళకి అది చాలు.

మొన్న ఇద్దరూ కలిసి మా వీధికి వచ్చారు. తట్ట ఎర్రయ్య నెత్తిన ఉంది. పోలమ్మ నెత్తళ్ళు కిలో నలభై అంది. ఇరవై అన్నాను. తట్ట తను అందుకుని నడిచింది. ఈసారి బిగబట్టుకుందామని గట్టిగా అనుకున్నాను, నిజంగానే అనుకున్నాను. అయిదో అడుగుకే, "ఇలా రా, పోలమ్మా" అనేశాను.

ఎర్రయ్య నా అరుగు మీద కూలబడి పడీ పడీ నవ్వాడు.

"నాను పదిహేడు దాకా ఆగినాను, బావూ."